గుమ్మం ముందు మంచు

హిరోసాకి ఫ్యామిలీ కోర్టులో రెండు వెయిటింగ్ గదులు,
ఒకటి మేడ మీద, ఒకటి కింద.
విడిపోయేవాళ్ళు మెట్ల మీద కూడా ఎదురుపడకూడదని
ఆయన్ని పదింటికి, ఆవిణ్ణి పదింపావుకి రమ్మంటాం.
నేనూ సొమెయా గారూ మధ్యవర్తులం.
ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, నేను మందుల షాపు మూసేశాను.
చట్టం చదువుకున్నవాళ్ళం కాదు.
అరగంట ఒకరితో, అరగంట ఇంకొకరితో,
మధ్యలో మాటలు మోయడం మా పని.
మోసేటప్పుడు కొంచెం చల్లారనిస్తాం.

ఆ చలికాలం చిజురు వచ్చింది.
సూపర్‌మార్కెట్ వెనక బంగాళాదుంప బిళ్ళలు వేయించే పని,
మణికట్టు నిండా నూనె చుక్కల మచ్చలు.
తకెతో ఎండాకాలం ఆపిల్ తోటల్లో కూలి,
చలికాలం మంచు తోసే బండికి డ్రైవరు.
రాత్రి రెండింటికి ఎక్కి
తెల్లారేలోపు ఊరి వీధులన్నీ తెరిచి
ఎర్రటి కళ్ళతో కోర్టుకొచ్చేవాడు.

భరణం లెక్క ఎంతసేపు, అన్నారు సొమెయా గారు.
గళ్ళ పట్టిక ఒకటుంది మా దగ్గర.
నిలువునా ఇచ్చేవాడి సంపాదన,
అడ్డంగా పుచ్చుకునేదాని సంపాదన,
రెండు వేళ్ళు కలిసిన చోట పిల్లాడి అన్నం.
కాని మంచు బాగా పడిన ఏడు అతని వేలు పైకి పాకుతుంది,
పడని ఏడు జారుతుంది.
"ఆకాశం జీతం చీటీ ఇవ్వదు కదండీ" అన్నాడు తకెతో.
మేం నవ్వకూడదు. సొమెయా గారు నవ్వేశారు.
మూడేళ్ళ చీటీలు తెప్పించి, సగటు కట్టి,
నెలకి నలభై మూడు వేల యెన్ల దగ్గర ఆగాం.
బళ్ళో చేరే ఏడు పుస్తకాల సంచీకి వేరే.

విడాకుల ఫారంలో అప్పటికి పిల్లలకి రెండే గడులు,
భర్త గడి, భార్య గడి.
పేరు ఒకదాంట్లోనే రాయాలి.
చట్టం మారుతుందని పేపర్లో వస్తోంది,
మా టేబుల్ దాకా ఇంకా రాలేదు.
ఇబుకి అనే మూడక్షరాలు ఎటు రాయాలో తేలడానికి
మూడు నెలలు పట్టింది.
చివరికి తండ్రే అన్నాడు:
"రాత్రి రెండింటికి నేను బయల్దేరితే
వాడి పక్కన ఎవరుంటారు? అటే రాయండి."
అని, కిటికీ వైపు తిరిగిపోయాడు.

గడిలో పడ్డంత మాత్రాన
పిల్లాడు తల్లి రిజిస్టర్లోకి నడిచి రాడు.
ఆమె పుట్టింటి పేరుకి వెళ్ళిపోయినా
వాడు తండ్రి ఇంటిపేరుతో పాత పేజీలోనే ఉంటాడు.
మార్చాలంటే మళ్ళీ అర్జీ, ఎనిమిది వందల యెన్ల స్టాంపు.
ఇది చెప్పినప్పుడు చిజురు నన్నే చూస్తూ కూచుంది.
"కడుపులో ఉన్నప్పుడు ఏ పేజీలో ఉన్నాడు?" అంది.
ఆ ప్రశ్నని అతని దాకా మోయలేదు నేను.

ఆఖరి రోజు, అంతా కుదిరాక, ఇంకొకటి అడిగింది.
"రోజూ మా గుమ్మం ముందు మంచు గోడ.
వీధంతా తోసుకొచ్చి నా ముందే పోస్తాడు.
ఆపమని రాయించండి."

ఆమె కిందికెళ్ళాక అతన్ని పిలిచాం.
"బ్లేడు గుమ్మాల్ని చూడదు" అన్నాడు. "అందరికీ పడుతుంది."
కాసేపు టోపీ అంచు తడుముకున్నాడు.
"ఆ వీధిలో మెల్లగా వెళ్తాను.
మెల్లగా వెళ్తే పక్కకి ఎగరదు, పోగవుతుంది."
ఎందుకు మెల్లగా, అన్నారు సొమెయా గారు.
"చప్పుడుకి వాడు లేస్తాడు."

ఈ ఒక్క మాటా చల్లారనివ్వకుండా ఆమెకి అందించాను.
ఆమె మచ్చల మీద చొక్కా చెయ్యి లాక్కుంది.
"అయితే పెద్ద పార కొనాలి" అంది.

జడ్జి వచ్చి చదివి వినిపించింది.
పెంపకం తల్లిది. నెలాఖరుకి డబ్బు.
నెలకో ఆదివారం తండ్రితో,
తుఫానైతే ఆ పై ఆదివారం.
గుమ్మం సంగతి అందులో లేదు.

ఆ రాత్రి మా వీధిలో బండి గడగడా దూసుకుపోయింది.
ఇక్కడ మెల్లగా వెళ్ళాల్సిన అవసరం ఎవరికీ లేదు.
అయినా పొద్దున తలుపు తీస్తే
మోకాలెత్తు గోడ.